ఒక పడవ ఇల్లు

జూలై 28

అన్నయ్య జ్ఞాపకార్థ కూడిక శుక్రవారం. ఫ్లెక్సీ మన షాపులోనే చేద్దామన్నారు మా షాపు ఓనరు హరిబాబు గారు. "బయట ఎవరికైనా ఇచ్చి చేయించనా అమ్మా?" అని కూడా అడిగారు పాపం. వద్దు, నేనే చేస్తానన్నాను.

అన్నయ్య ఫోటో సరైనది ఒక్కటే దొరికింది. ఎవరి పెళ్ళిలోనో తీసింది. పక్కన వదిన ఉంది. అన్నయ్య భుజం మీద వదిన చెయ్యి ఉంది. ఆ చెయ్యి చెరిపేసి, దాని కింద చొక్కా గళ్ళు మళ్ళీ అతికించాలి. ఈ పని నాకు కొత్తేమీ కాదు. నరసాపురంలో పోయినవాళ్ళలో సగం మంది వెనక నీలి ఆకాశం, తెల్ల పావురాలు పెట్టింది నేనే. అయినా ఆ గళ్ళు కలవడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది.

"విజయ్ పాల్, మొల్లేటిలంక. ప్రభువునందు నిద్రించెను." పేరు కింద తేదీ వెయ్యాలి. నీళ్ళలో కొట్టుకుపోయిన రోజు వెయ్యాలా, దొరికిన రోజు వెయ్యాలా? వదినకి ఫోన్ చేసి అడిగాను.

"నీ ఇష్టం తబితా," అంది.

కొట్టుకుపోయిన రోజే వేశాను. నేను బానే ఉన్నాను.

జూలై 31

కూడిక అయింది. గాలికి ఫ్లెక్సీ ఊగుతుంటే అన్నయ్య తల ఊపుతున్నట్టుగా ఉంది. వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్నాను.

అందరూ వెళ్ళిపోయాక లంకలో వాళ్ళ ఇంట్లో వదిన, నేను మిగిలాం. కిటికీ దాకా గోడల మీద బురద చార. ఎంత కడిగినా పోవడం లేదట. నేను అడక్కుండానే వదిన చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ రాత్రి ఫోన్లో మెసేజీ వచ్చింది. నన్ను చదవమన్నాడు మీ అన్నయ్య. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని ఉంది. 'మనది లోతట్టు కాదులే క్రిస్టినా, లోతట్టంటే ఆ ఇటుకబట్టీ వైపు' అన్నాడు. పడుకున్నాం."

తెల్లారేసరికి ఇంటి వెనక పాయ పొంగి, ఏటిగట్టుకి పడవెక్కే రేవు దారి మునిగిపోయింది. గేదె తోటలో కట్టేసి ఉంది. అన్నయ్య దాన్ని విప్పడానికి దిగాడు. గేదె ఈదుకుంటూ వచ్చేసింది.

అక్కడితో ఆపేసింది వదిన.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో పక్కన కూర్చున్నావిడని అడిగాను, మీది లోతట్టేనా అని. "మాది కాదండి, మా కింద వీధి" అంది. పడవ నడిపేవాణ్ణి అడిగాను. అతనిదీ కాదట. లంకలో లోతట్టు ఎప్పుడూ పక్కవాళ్ళదే.

అమ్మా నాన్నా పోయాక కొబ్బరి చెట్లెక్కి దింపు తీసి నన్ను రాజమండ్రిలో డిజైనింగు చదివించాడు అన్నయ్య. ఆ లంకంతా రోజూ చెట్ల మీంచి చూసినవాడు. పైనుంచి చూస్తే నేలంతా సమంగానే కనిపిస్తుందేమో.

ఆగస్టు 2

ఆ మెసేజీని అన్నయ్య ఫోన్ నుంచి నాకు పంపించుకున్నాను. షాపులో పెద్ద స్క్రీన్ మీద పెట్టి చూశాను.

పుట్టినరోజు ఫ్లెక్సీలో ఒక్క తప్పు దొర్లితే నాకు ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. మా వాడి పేరు చిన్నదైంది, పక్కవాడి తల పెద్దదైంది అని. ఈ మెసేజీలో ఎవరి పేరూ లేదు. ఎవరి ఇల్లూ లేదు. ఎప్పుడు బయల్దేరాలో, ఎటు వెళ్ళాలో లేదు. దీని గురించి ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

ఆగస్టు 3

నిద్ర లేదు. ఏమీ రాయను.

ఆగస్టు 6

సెలవు పెట్టి ఇరిగేషన్ ఇంజనీరు గారి ఆఫీసుకి వెళ్ళాను. మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. విషయం అంతా విన్నారు.

"బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంతుందో మేం చెప్తామండి. పెరిగేకొద్దీ ఒకటో హెచ్చరిక, రెండోది, మూడోది ఇస్తాం. అక్కడ అంతుంటే మీ లంకలో ఏ ఇంటికి ఎంతొస్తుందో మా దగ్గర ఉండదు. ఏటేటా నది ఓ పక్క కోసేస్తుంది, ఓ పక్క ఇసుక మేట వేస్తుంది. ఎలా చెప్పగలం?"

"ఎవరో ఒకరు చెప్పాలి కదండీ."

"చెప్పాక తప్పైతే?"

ఆయనే మళ్ళీ నెమ్మదిగా అన్నారు. "తప్పైతే ఆ ఇంటివాళ్ళ మొహం చూడాల్సింది చెప్పినవాళ్ళే. అందుకే ఎవరూ చెప్పరండి."

ఆగస్టు 9

చర్చి అయ్యాక లంకలో ఇల్లిల్లూ తిరిగాను. ఏ హెచ్చరికకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి అని అడిగాను. ఒక ఇంట్లోనే మొగుడు ఒకటి చెప్తే పెళ్ళాం ఇంకొకటి చెప్పింది. "మా గుమ్మం ఎప్పుడూ తడవలేదండి" అన్న పెద్దాయన వెనక గోడ మీద చార నా నడుం దాకా ఉంది. ఆయనకి అది చూపించలేదు.

వదినవాళ్ళ పక్కిల్లు మాణిక్యాంబ గారిది. రెండు మేకలతో ఒక్కరే ఉంటారు. "నాకు సంవత్సరాలు గుర్తుండవమ్మా. మీ అన్నయ్య నన్ను బుజాన వేసుకెళ్ళి గట్టు మీద దింపాడు చూడు, ఆ ఏడు ఎక్కువొచ్చాయి" అన్నారు. అన్నయ్య ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

అందరూ చెప్పినవి, గోడల మీది చారలు, దారి ఎక్కడ ముందు తెగుతుందో అదీ కలిపి లంక బొమ్మ గీశాను. నూటికి అరవై పాళ్ళు నమ్మకం. మిగతాది ఊహ. ఊహ ఉన్నచోటల్లా ముందే బయల్దేరమని చెప్తాను. తొందరపడి వెళ్ళినందుకు ఎవరూ చచ్చిపోరు.

ఆగస్టు 12

ప్రతి ఇంటి మీదా ఒక గుర్తు వెయ్యాలి. చదువు రానివాళ్ళకీ తెలియాలి. ఎవరి గుర్తు వాళ్ళకి తెలిస్తే, ఫోన్లో ఏ మాట వచ్చినా పరవాలేదు.

ముందు రంగులనుకున్నాను. ముందు వెళ్ళాల్సిన ఇళ్ళకి ఎరుపు, తర్వాతి వాళ్ళకి పసుపు. వదిన చూసి, "గుమ్మానికి పసుపూ ఎరుపూ పూస్తే పసుపూ కుంకుమా అనుకుని దణ్ణం పెట్టుకుంటారు, లేచి వెళ్ళరు" అంది. నిజమే. మేం చర్చికెళ్ళేవాళ్ళం, నాకు తట్టలేదు. నీలం అనుకుంటే అది ఒక పార్టీది. పసుపు ఇంకో పార్టీది. కాషాయం, ఆకుపచ్చ, అన్నిటికీ ఎవరో ఒకరున్నారు. ఈ పార్టీల ఫ్లెక్సీలన్నీ చేసేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. ఈ రాష్ట్రంలో రంగులన్నీ ఎప్పుడో పంచేసుకున్నారు.

మిగిలింది నలుపూ తెలుపూ. పడవలకి పూసే తారు, గోడలకి వేసే సున్నం. తారు మీద సున్నంతో పడవ బొమ్మ.

ఒక పడవ ఉన్న ఇల్లు ఒకటో హెచ్చరిక వినగానే బయల్దేరాలి. రెండు పడవల ఇల్లు రెండోదానికి. మూడు పడవల ఇల్లు మూడోదానికి. అంతే. ఒక్క అక్షరం అక్కర్లేదు.

చాలా రోజుల తర్వాత ఇవాళ అన్నం రుచి తెలిసింది.

ఆగస్టు 16

షాపులో పాడైపోయిన ఫ్లెక్సీ ముక్కలోంచి పడవ ఆకారం కత్తిరించాను. దాన్ని గోడకి ఆనించి సున్నం అద్దితే బొమ్మ పడుతుంది. ఎవరో చిన్న నాయకుడి ఫ్లెక్సీ అది, సరిగ్గా చెంప మీద పడవ చిల్లు పడింది. హరిబాబు గారు నవ్వాపుకోలేకపోయారు. తర్వాత భయపడి, "ఈ ముక్క ఎవరికీ చూపించకమ్మా, మనం పుట్టినరోజుల మీద బతికేవాళ్ళం" అన్నారు.

ఇవాళ పైవీధి పూర్తయింది. ఒక పడవ పడిన ఇళ్ళవాళ్ళు కొందరు మొదటి నంబరు వచ్చిందని సంతోషించారు. చెప్పాను, సంతోషించే నంబరు కాదండీ అని.

ఆగస్టు 17

వదిన ఒప్పుకోలేదు.

"మనదేంటి, ఒక పడవా?"

"ఒకటే వదినా. ఇంట్లోకి నీళ్ళు రెండోదానికే వస్తాయి గానీ, వెనక పాయ పొంగి దారి ముందే పోతుంది. మొదటిది చెప్పగానే కదిలితేనే..."

"అంటే మీ అన్నయ్య ముందే కదలాల్సింది."

నేను కుంచె కింద పెట్టాను.

"కదలకుండా పడుకున్నాడు, బుద్ధిలేనోడు. అదేగా నువ్వు గోడ మీద రాసేది, దారినపోయే ప్రతివాడూ చదువుకునేలాగ?"

"అది కాదు వదినా..."

"మెసేజీ చదివింది నేను. పడుకుందామన్నది ఆయన. ఇద్దరం కలిసే పడుకున్నాం. ఒక పడవ వేస్తే ఆ గోడ రోజూ నన్ను అదే అడుగుతుంది. వద్దు. మా ఇంటికి అసలేమీ వద్దు."

తారు డబ్బా తీసుకుని వచ్చేశాను. వదిన గుమ్మం దాకా రాలేదు.

ఆగస్టు 19

అన్నయ్య బుద్ధిలేనోడు కాదు.

ఆగస్టు 20

నిజానికి చూస్తే, ఇంట్లోకి నీళ్ళు వచ్చింది రెండో హెచ్చరిక తర్వాతే. అది నిజం. గోడ మీద చార ఉంది. దారి సంగతి వేరు. ఈ ఏడు పాయ అంత పొంగడానికి పైన కోత పడటం కారణమనీ అంటున్నారు, ప్రతి ఏడూ అలా పొంగుతుందని లేదు. అసలు ఏ గుర్తూ లేని ఇంటికన్నా రెండు పడవలున్న ఇల్లు నయం కదా.

ఆగస్టు 23

వదిన ఇంటికి రెండు పడవలు వేశాను.

వేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి చూసింది. అయ్యాక లోపలికి వెళ్ళి చేపల పులుసు వేడిచేసి అన్నం పెట్టింది. అన్నయ్య పోయాక వదిన నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టడం ఇదే మొదటిసారి.

మాణిక్యాంబ గారి ఇంటికీ రెండే వేశాను. ఒకే నేల, ఒకే పాయ. దీనికి రెండేసి దానికి ఒకటేస్తే ఎవరైనా అడుగుతారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "బాగున్నాయమ్మా పడవలు, జంటగా" అన్నారు.

లెక్క ప్రకారం తప్పేమీ కాదు. ఇంట్లోకి నీళ్ళు వచ్చేది రెండోదానికే.

ఆగస్టు 25

భీమరాజు గారు షాపుకి వచ్చారు. లంకలో సగం కొబ్బరి తోటలు ఆయనవే. కింద వైపు ఇటుకబట్టీ, దాని పక్క స్థలం ప్లాట్లు వేసి అమ్ముతున్నారు. బట్టీ కూలీల పాకలకీ, ప్లాట్ల రాతిస్తంభాలకీ ఒక పడవ వేశాను.

"అమ్మాయ్, కొనడానికి వచ్చినవాళ్ళు ఆ బొమ్మేంటని అడిగారు. మావాడు చెప్పేశాడు. వాళ్ళు పడవెక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు."

"ఉన్నదే గీశానండి."

"ఉన్నదే గీస్తే సరే. ఊరికి మంచిదే, నేను కాదనను. మూడు వెయ్యమని కూడా అనను. నా స్థలానికి రెండెయ్యి."

"అలా మార్చడం కుదరదండీ. ఇది నమ్మి మనుషులు ఉంటారు."

చాలా గట్టిగా చెప్పాను. హరిబాబు గారు కంప్యూటర్ వెనక దాక్కున్నట్టు కూర్చున్నారు. భీమరాజు గారికి కోపం రాలేదు. లేస్తూ, మామూలుగానే అన్నారు.

"మరి మీ అన్నయ్య ఇంటికి రెండెందుకేశావమ్మా? నా స్థలం కన్నా మీదే పల్లం. నీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఆగస్టు 26

భీమరాజు గారి స్వార్థం భీమరాజు గారిది.

ఆగస్టు 30

రాతిస్తంభాల మీద పడవలు చెరిపించారు. పాకల మీదవి కూడా. మళ్ళీ వెయ్యడానికి వెళితే అక్కడ మేస్త్రీ దణ్ణం పెట్టి, "మా పని పోతుందమ్మా, వద్దు" అన్నాడు. వచ్చేశాను. తీరా చూస్తే ఒక పాకలో, తడిక లోపలి వైపు, బొగ్గుతో గీసిన పడవ కనిపించింది. నా పడవలా లేదు. వంకరగా ఉంది. పైన చిన్న తెరచాప కూడా వేశారు.

అంత ఆనందం వేసిందా, వెంటనే వదిన గోడ గుర్తొచ్చింది.

సెప్టెంబరు 6

ఇవాళ చెప్దామనుకునే వెళ్ళాను. ఒక పడవ చెరిపేస్తాను వదినా అని. వదిన మళ్ళీ లేసు పని మొదలుపెట్టింది. అరుగు మీద కూర్చుని అల్లుతూ, అన్నయ్య పెళ్ళైన కొత్తలో చేసిన అల్లరి చెప్పి నవ్వింది. వెనక గోడ మీద రెండు పడవలు.

ఇవాళ వద్దులే అనుకున్నాను. వచ్చే ఆదివారం చూద్దాం.

సెప్టెంబరు 10

ఎగువన వానలు. భద్రాచలం దగ్గర పెరుగుతోందని టీవీలో చెప్తున్నారు. వినాయక చవితి ఫ్లెక్సీలతో ఊపిరాడటం లేదు. వదినకి ఫోన్ చెయ్యాలి.

సెప్టెంబరు 12

జరిగిందంతా రాస్తాను.

పొద్దున్న షాపులో ఉండగా ఒకటో ప్రమాద హెచ్చరిక వచ్చింది. అదే మెసేజీ. లోతట్టు ప్రాంతాలు, అప్రమత్తం. వదినకి ఫోన్ చేస్తే కలవలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. కలిసేసరికి మధ్యాహ్నం అయిపోయింది.

"వదినా, ఎక్కడున్నావ్?"

"ఇంట్లో."

"బయల్దేరు వదినా. రెండు కాదు, మనది ఒకటే. నువ్వు బాధపడతావని రెండేశాను."

అటు నుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది.

"నాకు తెలుసు," అంది వదిన. "నువ్వు గీసినరోజే తెలుసు. నేను పొద్దున్నే మూట కట్టుకున్నాను. మాణిక్యాంబ గారు రానంటున్నారు. 'మీ ఆడపడుచు ఊరంతా తిరిగి కొలిచి మరీ వేసింది, నాకు రెండు, రెండోది చెప్పాక వస్తాను' అని మంచం దిగట్లేదు. ఈవిణ్ణి వదిలేసి నేనెలా వెళ్ళను? పాయ పొంగుతోంది తబి..."

ఫోన్ పోయింది.

హరిబాబు గారి బండి వెనక కూర్చుని గట్టు దగ్గరికి వెళ్ళేలోపు భీమరాజు గారికి ఫోన్ చేశాను. ఆయన దగ్గర ఇటుకలు తెచ్చే ఇంజను పడవ ఉంది.

"మా వదిన, మాణిక్యాంబ గారు ఇద్దరూ లంకలో ఉండిపోయారండి."

"వాళ్ళవి రెండు పడవలు కదమ్మా?"

"తప్పు గీశానండి. కావాలనే గీశాను."

ఇప్పుడు ఏ మాటన్నా పడాలి అనుకున్నాను. ఆయన మాత్రం "పడవ తీయిస్తున్నాను. నేనూ వెళ్తున్నాను. నువ్వు గట్టు మీదే ఉండు," అని పెట్టేశారు.

గట్టు మీద ఒక పడవ ఇళ్ళవాళ్ళందరూ ఉన్నారు. బిందెలు, గేదెలు, టీవీలు, కోళ్ళగంపలు. ఎవరూ పిలవకుండానే మెసేజీ రాగానే బయల్దేరి భోజనాల వేళకి ముందే వచ్చేశారట. బట్టీ కూలీలు కూడా ఉన్నారు, పిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని. ఒకావిడ నన్ను చూసి లేచి వచ్చి, "నీ పడవ పుణ్యమా అని వచ్చేశామమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకోవడం ఎలాగో నాకు తెలియలేదు.

ఎర్రటి నీళ్ళు. కొబ్బరి మట్టలు, ఎవరిదో తలుపు కొట్టుకొస్తున్నాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

పడవ వచ్చింది. ముందు భీమరాజు గారు కనిపించారు, పంచె ఎగ్గట్టి గెడతో నిలబడి. తర్వాత వదిన. గుండెల దాకా తడిసిపోయి ఉంది. వదినని ఆనుకుని మాణిక్యాంబ గారు, ఒళ్ళో మేకతో. ఒక్క మేకే. రెండోది తాడు తెంచుకుని నీళ్ళలోకి వెళ్ళిపోయిందట.

దిగగానే మాణిక్యాంబ గారు నన్ను గుర్తుపట్టి, ఏమీ అనుకోకుండానే అడిగారు.

"నువ్వు రెండన్నావు కదమ్మా?"

ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. వదిన నన్ను రెక్క పట్టుకుని లేపి కాస్త దూరం తీసుకెళ్ళింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మీ అన్నయ్య తెలీక పోయాడు తబితా," అంది. "ఈవిడ నిన్ను నమ్మి పోయేది."

సెప్టెంబరు 13

నిన్న సాయంత్రానికే రెండో హెచ్చరిక ఇచ్చారు. అప్పటికి ఆ వీధిలో ఎవరూ లేరు.

సెప్టెంబరు 15

చెప్పాక తప్పైతే అని ఇంజనీరు గారు అడిగిన ప్రశ్నే తలలో తిరుగుతోంది. హరిబాబు గారు రెండుసార్లు షాపు మేడ మీది నా గదికి వచ్చి టీ ఇచ్చి వెళ్ళారు. ఆయనకేం చెప్పను?

సెప్టెంబరు 20

నీళ్ళు తీశాయి. చర్చి అయ్యాక పాస్టరు గారిని అడిగి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. మా అన్నయ్య ఇంటికీ, మాణిక్యాంబ గారి ఇంటికీ తప్పు గుర్తు వేశాననీ, తెలిసే వేశాననీ చెప్పాను. తెలియక తప్పు వేసినవి ఇంకా ఉండొచ్చు, మీ గుమ్మం దగ్గర ఈసారి ఏమైందో చెప్తే సరిచేస్తాను అన్నాను. కొందరు తల దించుకున్నారు. ఒకాయన, "అయితే మిగతావి మాత్రం నమ్మమంటావా?" అన్నాడు. సగం నమ్మండి, ముందే బయల్దేరండి అన్నాను. అంతకన్నా నిజం నాకు తెలియదు.

మధ్యాహ్నం తారు డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి వదిన అరుగు మీద నిలబడి ఉంది.

"ఇలా ఇయ్యి," అంది.

కుంచె తీసుకుని రెండో పడవ మీద తారు పూసింది. అడ్డంగా, నిలువుగా, కొంచెం కూడా తెలుపు కనిపించకుండా. పూస్తుంటే మోచేతి దాకా నల్లటి చారలు కారాయి. నేను గుడ్డ ఇవ్వబోతే తీసుకోలేదు. తర్వాత అరుగు దిగి మాణిక్యాంబ గారి ఇంటికి వెళ్ళి అక్కడా పూసింది. మాణిక్యాంబ గారు మేకని పట్టుకుని చూస్తూ కూర్చున్నారు.

"ఒకటే అయితే ముందే వెళ్ళాలన్నమాట," అన్నారు.

"ముందే వెళ్దాం, మీరూ నేనూ కలిసే," అంది వదిన.

నాతో మాట్లాడలేదు. అన్నం కూడా పెట్టలేదు. నేను తిరిగి వచ్చేటప్పుడు మాత్రం రేవులో పడవ దాకా వచ్చింది.

సెప్టెంబరు 27

భీమరాజు గారి పుట్టినరోజు ఫ్లెక్సీ చేశాను. వరదలో ఆదుకున్న దొర అని రాయమని వాళ్ళ కుర్రాళ్ళు పట్టుబట్టారు. రాశాను. అది అబద్ధం కాదు. ఆయన ప్లాట్ల స్తంభాలకి పడవలు కనపడకుండా తెల్లరంగు కొట్టించి ఉంది ఇంకా. అదీ అబద్ధం కాదు.

అక్టోబరు 5

మొన్న పక్క లంక నుంచి నలుగురు షాపుకి వచ్చి వాళ్ళ ఊళ్ళో కూడా పడవలు వెయ్యమన్నారు. రెండు రోజులు జవాబు చెప్పలేదు. ఇక మీదట ఈ పని చెయ్యకూడదు అనుకున్నాను. నిన్న వదిన ఫోన్ చేసి, "ఎప్పుడు వెళ్దాం?" అంది. ఎవరు చెప్పారో తెలియదు. వరద తర్వాత వదిన నాకు తనంతట తను ఫోన్ చెయ్యడం ఇదే మొదటిసారి.

ఇవాళ ఇద్దరం వెళ్ళాం. తారు డబ్బా వదినే మోసింది. వీధి చివర ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. వాకిట్లో మంచం మీద కూర్చుని, మా వంక చూడకుండానే అన్నాడు.

"ఇక్కడే పుట్టానమ్మా, ఇక్కడే ముసలాణ్ణయ్యాను. నా ఇంటికి నీళ్ళెప్పుడొస్తాయో ఇంకొకళ్ళు చెప్పాలా నాకు?"

నేను లంక బొమ్మ తీసి ఏదో చెప్పబోయాను. వదిన నన్ను ఆపి, డబ్బా కింద పెట్టి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మా ఆయనా లంకలోనే పుట్టాడండి," అంది. "పేరు విజయ్ పాల్. కొబ్బరి దింపు తీసేవాడు. మీరు చూసే ఉంటారు, మీ తోటల్లోకీ వచ్చేవాడు. జూలై వరదలో పోయాడు. బుద్ధిలేక కాదండి. మా ఇంటికి నీళ్ళెప్పుడొస్తాయో, దారెప్పుడు పోతుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లోనే ఉన్నదాన్ని నేను, నాకూ తెలీదు. మీకు చెప్పడానికి ఇద్దరం వచ్చాం."

అన్నయ్య పేరు వదిన నోట, బయటివాళ్ళ ముందు, నేను వినడం అదే మొదలు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

పెద్దాయన లేచి, మంచం పక్కకి జరిపి, గోడ మీద ఎక్కడ వేస్తే దారిలోంచి బాగా కనిపిస్తుందో వదినకి చూపించాడు.